తెరచాప ఓడ కిట్ కొనేముందు చూడాల్సిన తాళ్ల లెక్క

ప్లాస్టిక్ మోడల్స్ కట్టే అలవాటు ఉన్నవాళ్లు సాధారణంగా విమానంతోనో, యుద్ధ ట్యాంకుతోనో, కారుతోనో మొదలుపెడతారు. రెండు మూడు పూర్తయ్యాక కన్ను తెరచాప ఓడ మీద పడుతుంది. మూడు మాస్టులు (తెరచాపలు మోసే నిలువు స్తంభాలు), వాటి నిండా తెరచాపలు, రెండు వైపులా వరసగా ఫిరంగులు, పెట్టె మీద అలల్ని చీల్చుకుంటూ వస్తున్న ఓడ బొమ్మ. ఆ బొమ్మ చూసి కొన్న కిట్లలో చాలావాటికి ఒకే గతి పడుతుంది. ఓడ బాడీ అతికిస్తారు, రంగు వేస్తారు, ఫిరంగులు అమరుస్తారు, మాస్టులు నిలబెడతారు. తాళ్లు కట్టే ఘట్టం రాగానే పని ఆగిపోతుంది. కొన్నాళ్లు టేబుల్ మీద ఉండి, ఆ తర్వాత అటకెక్కుతుంది.

అలా ఆగిపోవడానికి ఓపిక లేకపోవడం ఒక్కటే కారణం అనుకోవడం తప్పు. చాలాసార్లు పొరపాటు కిట్ ఎంచుకున్న రోజే జరిగిపోయి ఉంటుంది. ఓడ పేరు, కంపెనీ పేరు, ధర, పొడవు, ఇవన్నీ చూసి కొంటారు గానీ ఆ ఓడకు ఎంత తాడు పని ఉంది, ఆ స్కేల్‌లో అది మనిషి వేళ్లతో అయ్యే పనేనా అన్నది మాత్రం చూడరు. తెరచాప ఓడ కిట్‌లో ముందు చూడాల్సింది అదే. మిగతావన్నీ దాని తర్వాతే.

ఓడ మీద తాళ్లు రెండు రకాలు. మాస్టుల్ని ముందుకూ వెనక్కూ పక్కలకూ లాగిపట్టి నిలబెట్టేవి ఒక రకం. ఇవి కదలవు, తారు పూసి ఉంటాయి కాబట్టి నల్లగా గానీ ముదురు గోధుమ రంగులో గానీ కనిపిస్తాయి. తెరచాపల్నీ, అవి వేలాడే అడ్డకొయ్యల్నీ ఎత్తడానికి, దించడానికి, తిప్పడానికి వాడేవి రెండో రకం. ఇవి లేత గోధుమ రంగులో ఉంటాయి. హుస్సేన్ సాగర్‌లో ఏటా జరిగే సెయిలింగ్ పోటీలు చూసినవాళ్లకు ఈ తేడా త్వరగా అర్థమవుతుంది. అక్కడ తిరిగే లేజర్ అనే రకం చిన్న పోటీ పడవకు ఒకటే మాస్టు, ఒకటే తెరచాప. మాస్టును లాగిపట్టే తాళ్లు అసలే ఉండవు, తెరచాపను ఆడించే తాళ్లు కొన్ని ఉంటాయంతే. దానికి ఇంకో చివర బ్రిటిష్ నౌకా సేనాని నెల్సన్ ఓడ విక్టరీ. 1765లో నీటిలోకి దిగి 1805లో ట్రఫాల్గర్ యుద్ధం చేసిన ఆ ఓడకు మొత్తం 37 తెరచాపలు, దాదాపు 42 కిలోమీటర్ల తాడు ఉండేవని లెక్క. కిట్ ఎంచుకోవడమంటే ఈ రెంటి మధ్య ఎక్కడ నిలబడాలో తేల్చుకోవడమే.

ఇక్కడే కొత్తవాళ్లందరికీ ఒక అపోహ ఉంటుంది. చిన్న కిట్ అయితే సులువు, పెద్ద కిట్ అయితే కష్టం అని. విమానాల్లో అది కొంతవరకు నిజమే కావచ్చు. ఓడల్లో మాత్రం చాలావరకు తలకిందులు.

లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. నావికులు మాస్టు ఎక్కడానికి వాడే తాడు నిచ్చెనల్లో మెట్టుకూ మెట్టుకూ మధ్య దూరం అసలు ఓడలో సుమారు 38 సెంటీమీటర్లు. 1:96 స్కేల్‌లో, అంటే అసలు ఓడను 96వ వంతుకు కుదిస్తే, అది 4 మిల్లీమీటర్లు అవుతుంది. ఓపిక ఉన్నవాళ్లు ట్వీజర్‌తో ఒక్కో ముడీ వేసుకుంటూ పోవచ్చు. రెవెల్ కంపెనీ చిన్న విక్టరీ స్కేల్ 1:225. అందులో అదే దూరం 1.7 మిల్లీమీటర్లు. అక్కడ ముడి వేయడం అనుభవం ఉన్నవాళ్లకు కూడా గగనమే. దారం మందం సంగతీ అంతే. బట్టలు కుట్టే మామూలు దారం మందం 0.2 మిల్లీమీటర్ల పైచిలుకు ఉంటుంది. 1:96లో అది రెండున్నర సెంటీమీటర్ల లోపు తాడుకు సమానం, అంటే తెరచాపల్ని ఆడించే తాడుకు సరిగ్గా సరిపోతుంది. అదే దారం 1:225 ఓడ మీద కడితే అయిదు సెంటీమీటర్ల మోకు కట్టినట్టు కనిపిస్తుంది. ఓడ మొత్తం మొద్దుగా, బొమ్మలా తయారవుతుంది. సన్న దారం తెచ్చి కట్టొచ్చు గానీ, అది కంటికి ఆనదు, ముడి నిలవదు, తుమ్మితే ఎగిరిపోతుంది.

అందుకే అడుగున్నర పొడవుండే మూడు మాస్టుల యుద్ధనౌక కొత్తవాళ్లకు అన్నిటికంటే చెడ్డ ఎంపిక. దుర్మార్గం ఏమిటంటే దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో ధర అందుబాటులో ఉండి ముందు కంటబడేవి కూడా ఇవే. ఈ చిన్న కిట్లలో తాడు నిచ్చెనలు ప్లాస్టిక్‌లో అచ్చు పోసి ఇస్తారు. కొన్ని పాత రెవెల్ కిట్లలో దారాన్ని ప్లాస్టిక్‌లో ముంచి తయారుచేసిన నిచ్చెనలు వచ్చేవి. వాటిని కత్తిరించి అతికిస్తే సరిపోతుంది. దూరం నుంచి చూస్తే బాగానే ఉంటుంది. వాటితో సరిపెట్టుకునే మనసు ఉంటే చిన్న ఓడ తీసుకోవడంలో తప్పు లేదు. ఒక్కో ముడీ తన చేత్తోనే వేయాలనుకునేవాళ్లు మాత్రం స్కేల్ పెద్దదీ (అంటే 1 తర్వాతి అంకె చిన్నది), మాస్టులు తక్కువవీ చూసుకోవాలి.

మాస్టు ఒకటే ఉండి, స్కేల్ పెద్దదైన కిట్ దొరికితే మొదటి ఓడకు అంతకంటే మంచిది లేదు. రష్యా కంపెనీ జ్వెజ్డా చేసే హాన్సా కాగ్ అలాంటిది. స్కేల్ 1:72. ఉత్తర ఐరోపాలో మధ్యయుగపు వర్తకులు ఉప్పు, ధాన్యం, బీరు, చేపలు మోయడానికి వాడిన పొట్టి, వెడల్పాటి సరుకు ఓడ అది. ఒకటే మాస్టు, ఒకటే చతురస్రపు తెరచాప. 1380 నాటి కాగ్ ఒకటి 1962లో జర్మనీలోని బ్రెమెన్ దగ్గర వెజర్ నదిలో బయటపడింది. ఇప్పుడది బ్రెమర్‌హాఫెన్ మ్యూజియంలో ఉంది కాబట్టి చూసి పోల్చుకోవడానికి అసలు ఓడ ఫొటోలు కావలసినన్ని. దాదాపు 24 మీటర్ల ఆ ఓడ 1:72లో 33 సెంటీమీటర్లు అవుతుంది. రెవెల్ చేసే 1:50 వైకింగ్ ఓడ కూడా ఇదే తరహా. దానికి తాళ్ల పని ఇంకా తక్కువ. చెక్క పలకల గీతలు, వరస డాలులు, రంగులు వేసిన తెరచాప, ఇన్ని ఉండటం వల్ల రంగుల పని నేర్చుకోవడానికి కూడా బాగుంటుంది. ఇవి చూడటానికి విక్టరీ అంత ఆర్భాటంగా ఉండవు. కానీ పూర్తవుతాయి. పూర్తయిన ఓడే తర్వాతి ఓడకు ధైర్యం ఇస్తుంది.

తాళ్ల తర్వాత చూడాల్సింది అచ్చు. ప్లాస్టిక్ కిట్ అంటే ఉక్కు అచ్చులో కరిగిన పాలిస్టైరీన్‌ను ఒత్తిడితో పోసి తీసినది. ఆ అచ్చు తయారుచేయడానికే ఖర్చు ఎక్కువ, తర్వాత ప్లాస్టిక్ పోసుకుంటూ పోవడానికి అయ్యేది తక్కువ. అందుకే ఒక అచ్చును దశాబ్దాల తరబడి వాడతారు, అమ్ముతారు, కొంటారు, పేరు మార్చి మళ్లీ పెట్టెలో పెడతారు. బ్రిటన్ కంపెనీ ఎయిర్‌ఫిక్స్ 1952లో చిన్న గోల్డెన్ హైండ్ ఓడను పాలిథీన్ సంచిలో పెట్టి ఉల్‌వర్త్ దుకాణాల్లో అమ్మింది. టీ మోసిన బ్రిటిష్ ఓడ కటీ సార్క్‌కు రెవెల్ చేసిన 1:96 కిట్ 1959 నాటిది. అదే స్కేల్‌లో అమెరికా యుద్ధనౌక కాన్‌స్టిట్యూషన్ 1960లలో వచ్చింది. ఫ్రాన్స్ కంపెనీ హెల్లర్ 1:100 విక్టరీ, సొలెయ్ రొయాల్ 1970ల నాటివి. ఇవాళ కొత్త పెట్టెలో, కొత్త బొమ్మతో వచ్చేవి చాలావరకు ఆ అచ్చుల్లోంచి తీసినవే. తెరచాప ఓడలకు కొత్త అచ్చులు చేసే కంపెనీలు ఇప్పుడు చాలా తక్కువ.

పాత అచ్చు అంటే చెడ్డదని కాదు. ఆ రోజుల్లో అచ్చు చెక్కినవాళ్లు గొప్ప పనివాళ్లు. రెవెల్ 1:96 కటీ సార్క్ హల్ (ఓడ బాడీ) మీద రాగి రేకుల గుర్తులు, డెక్ మీద చెక్క నార ఇప్పటికీ మెచ్చుకోదగ్గట్టే ఉంటాయి. అసలు సమస్య ఇంకోచోట ఉంది. ఒక ఓడ కోసం చేసిన అచ్చును కొద్దిగా మార్చి ఇంకో ఓడ పేరుతో అమ్మే పద్ధతి మొదటి నుంచీ ఉంది. రెవెల్ వాళ్ల బీగిల్, అంటే డార్విన్ ప్రయాణం చేసిన ఓడ, నిజానికి వాళ్ల బౌంటీ కిట్‌కే చేసిన మార్పు. బౌంటీ మొదట బొగ్గు మోసిన వర్తక నౌక. బీగిల్ పది ఫిరంగుల యుద్ధనౌకగా కట్టింది. రెండింటి ఆకారం ఒకటి కాదు. అలాగే 1868లో అబర్డీన్‌లో కట్టిన థర్మోపిలీ, 1869లో డంబార్టన్‌లో కట్టిన కటీ సార్క్ టీ వ్యాపారంలో ఒకదానితో ఒకటి పోటీపడ్డ ఓడలు. రెవెల్ రెండింటికీ ఒకే హల్ వాడింది. అమెరికా అంతర్యుద్ధంలో 1864 జూన్ 19న ఫ్రాన్స్ తీరంలో షెర్‌బూర్ దగ్గర కియర్‌సార్జ్ అనే ఓడ అలబామాను ముంచేసింది. ముంచిన ఓడకు చేసిన అచ్చునే కాస్త మార్చి మునిగిన ఓడ పేరుతోనూ అమ్మారు.

లిండ్‌బెర్గ్ కంపెనీ ఇంకా దూరం వెళ్లింది. హాంబర్గ్ నగరం తన వర్తక నౌకలకు కాపలాగా పంపిన వాపెన్ ఫాన్ హాంబర్గ్ అనే ఓడ అచ్చునే కెప్టెన్ కిడ్ దొంగల ఓడగా పెట్టెలో పెట్టింది. సూరత్ వెళ్తున్న సరుకు ఓడను 1698లో మన సముద్రంలో దోచిన కిడ్‌కూ, ఆ జర్మన్ ఓడకూ ఏ సంబంధమూ లేదు. విచిత్రంగా ఇది చాలా మంచి అచ్చు. దొంగల జెండా పక్కన పెట్టి, దాని అసలు పేరుతో కట్టుకుంటే అందమైన ఓడ తయారవుతుంది. కాబట్టి కొనేముందు ఆ అచ్చు మొదట ఏ పేరుతో వచ్చింది, ఏ సంవత్సరంలో వచ్చింది అని వెతికి చూడటం అవసరం. అరగంట పని. చరిత్ర సరిగ్గా ఉండాలనే పట్టింపు ఉన్నవాళ్లకు ఆ అరగంట నెలల తరబడి బాధను తప్పిస్తుంది.

హెల్లర్ సొలెయ్ రొయాల్ గురించి విడిగా చెప్పుకోవాలి. పద్నాలుగో లూయీ కాలపు ఈ ఫ్రెంచి ఓడ వెనక భాగం శిల్పాలు ప్లాస్టిక్ కిట్లలో మరెక్కడా కనిపించనంత బాగుంటాయి. అయితే అసలు ఓడ 1692లోనే తగలబడిపోయింది. కిట్‌కు ఆధారం పారిస్ నౌకా మ్యూజియంలో ఉన్న 19వ శతాబ్దపు మోడల్. నీటి కింద ఉండే భాగం మరీ బల్లపరుపుగా ఉందని అనుభవజ్ఞులు ఎప్పటి నుంచో చెబుతున్నదే. చెక్కడాల మీద మోజుతో కొనేవాళ్లకు అది లోటు కాదు, ఓడ ఆకారం ముఖ్యం అనుకునేవాళ్లకు పెద్ద లోటే.

మాస్టుల బలం గురించి కిట్ కాగితంలో ఎక్కడా రాయరు. సన్నటి ప్లాస్టిక్ మాస్టుకు తాళ్లు బిగిస్తే అది నెమ్మదిగా వంగుతుంది. కట్టిన రోజు నిటారుగా ఉన్నది రెండు నెలలకు వెనక్కి వాలుతుంది, ముందు తాళ్లు బిగుసుకుని వెనక తాళ్లు వదులవుతాయి. హైదరాబాద్ వేసవిలో, అందులోనూ పై అంతస్తు ఫ్లాట్‌లో ఎండ నేరుగా పడే కిటికీ పక్కన పెడితే ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. మాస్టు రెండు సగాలుగా వచ్చే కిట్ అయితే అతికించే ముందు లోపల ఇత్తడి కడ్డీ పెట్టుకోవచ్చు. ఒకే ముక్కగా వచ్చే సన్న మాస్టులైతే వాటి స్థానంలో చెక్క పుల్లల్ని చెక్కుకోవడమే దారి. అందుకని మాస్టులు ఏ రకంగా ఇచ్చారన్నది కూడా కిట్ ఎంపికలో లెక్కలోకి వస్తుంది.

దారం విషయంలోనూ ఊరి వాతావరణానిది పెద్ద పాత్ర. కిట్‌తో ఇచ్చే నూలు దారానికి నూగు ఎక్కువ. మే నెల పొడి గాలికీ జూలై తేమకూ అది పొడవు మారుతుంది, ఒక రుతువులో బిగిసినది ఇంకో రుతువులో వదులవుతుంది. పాలియెస్టర్ దారం దాదాపు మారదు. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లోనూ, బేగంబజార్‌లోనూ టైలరింగ్, మగ్గం వర్క్ సామాను అమ్మే దుకాణాల్లో రకరకాల మందాల్లో దారాలు, సన్న సూదులు దొరుకుతాయి. కొన్న దారాన్ని తేనెమైనం ముద్ద మీదుగా లాగితే నూగు అణిగిపోతుంది. ముడి మీద నీళ్లు కలిపిన ఫెవికాల్ చుక్క వేస్తే చాలు. ఫెవిక్విక్ వేస్తే దారం గట్టిపడి విరుగుతుంది, చుట్టూ ప్లాస్టిక్ మీద తెల్లటి మచ్చ పడుతుంది. స్ప్రే రంగులు వర్షాకాలపు తేమలో పాలిపోయినట్టు ఆరతాయి, కాబట్టి ఆ పని పొడి రోజులకు ఉంచుకోవాలి.

తెరచాపలు: కిట్లతో వచ్చే పల్చటి ప్లాస్టిక్ తెరచాపలు వాడకపోవడమే మంచిది. ఎంత రంగు వేసినా అవి గిన్నెల్లా కనిపిస్తాయి. తెరచాపలు లేకుండా వట్టి కొయ్యలతో ఉంచినా, సన్న కాగితంతో చుట్టిపెట్టిన తెరచాపలు చేసినా అందంగానే ఉంటుంది. పైగా తాళ్ల పని తగ్గుతుంది.

ఇంట్లో చోటు సంగతి కొనేముందే టేపు పెట్టి కొలవాలి. కటీ సార్క్ మొత్తం పొడవు 85 మీటర్లు, 1:96లో 89 సెంటీమీటర్లు, అంటే మూడడుగులు. పెద్ద మాస్టు ఎత్తు 46 మీటర్లు, అది మోడల్‌లో 48 సెంటీమీటర్లు, కింద హల్, స్టాండ్ కలిస్తే రెండడుగులకు దగ్గర పడుతుంది. చాలామంది మరిచిపోయేది వెడల్పు. అతి పొడవైన అడ్డకొయ్య 78 అడుగులు, మోడల్‌లో 25 సెంటీమీటర్లు. టీవీ యూనిట్ అరలో పొడవు పట్టినా లోతు పట్టదు. అద్దం పెట్టె చేయించక తప్పదు కూడా. ఫ్యాన్ గాలికి తిరిగే దుమ్ము వందల దారాల మీద చేరితే దాన్ని తీయడం కట్టడం కంటే కష్టం. మూడడుగుల ఓడకు అద్దం పెట్టె ఖర్చు కొన్నిసార్లు కిట్ ధరను మించిపోతుంది. ఆ ఖర్చు మొదటే బడ్జెట్‌లో వేసుకోవాలి.

ధర మనకు ఎక్కువ కావడానికి కారణం ఉంది. స్కేల్ మోడల్స్ కస్టమ్స్ లెక్కలో బొమ్మలతో ఒకే పద్దు కింద వస్తాయి. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు బీఐఎస్ నాణ్యత నిబంధన కూడా తప్పనిసరైంది. పిల్లల బొమ్మల పరిశ్రమను కాపాడటానికి తెచ్చిన నిబంధనల భారం ఇక్కడ ఎవరూ తయారుచేయని ఓడ కిట్ల మీద కూడా పడటం అన్యాయంగా అనిపిస్తుంది. దాని ఫలితం కిట్ ఎంపిక మీద నేరుగా పడుతోంది. చవగ్గా దొరికింది కదా అని నచ్చని కిట్ ముందు కొని, తర్వాత ఇంకోటి కొనుక్కుందాం అనే వెసులుబాటు ఇక్కడ లేదు. ఒక్కసారే సరిగ్గా కొనాలి.

మొదటి ఓడ పూర్తయ్యాక రెండో ఓడగా తెలుగువాళ్లకు ప్రత్యేకంగా సూచించదగ్గది ఒకటుంది. రెవెల్ 1:150 బటావియా. డచ్చి ఈస్టిండియా కంపెనీ 1628లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కట్టించిన ఈ ఓడ మొదటి ప్రయాణంలోనే, 1629లో ఆస్ట్రేలియా పడమటి తీరం దగ్గర పగిలిపోయింది. అప్పటికి ఆ కంపెనీ గోల్కొండ రాజ్యపు రేవు మచిలీపట్నంలో రెండు దశాబ్దాలుగా వ్యాపారం చేస్తోంది. మన అద్దకం బట్టలు జావా దీవికి వెళ్లింది ఈ కంపెనీ ఓడల్లోనే. గోల్కొండ కోట ఉన్న ఊళ్లో కూర్చుని కట్టడానికి ఇంతకంటే దగ్గరి చరిత్ర ఉన్న ప్లాస్టిక్ ఓడను వెతకడం కష్టం. 56 మీటర్ల ఓడ కాబట్టి 1:150లో 38 సెంటీమీటర్ల దాకా వస్తుంది. మాస్టులు మూడు ఉన్నా, అప్పటి ఓడలకు వెనక మాస్టు మీద తెరచాపలు తక్కువ. నెదర్లాండ్స్‌లో 1985 నుంచి పదేళ్లు కష్టపడి కట్టిన పూర్తి పరిమాణపు నకలు ఉంది కాబట్టి తాళ్లు ఎక్కడ కడతారో ఫొటోల్లో చూసుకోవచ్చు.

రంగుల కోసం కిట్ కాగితాన్ని పూర్తిగా నమ్మకూడదు. స్వీడన్ ఓడ వాసా 1628లో మునిగి 1961లో పైకి వచ్చింది. దాని పై భాగం నీలం అని అప్పట్లో అనుకుని పాత కిట్లలో అలాగే సూచించారు. తర్వాత రంగు అవశేషాల్ని పరీక్షిస్తే ఎరుపు అని తేలింది. విక్టరీని కూడా 2015లో పాత పసుపు తీసేసి, రంగు పొరల పరిశోధనలో తేలిన లేత గులాబీ ఛాయకు మార్చారు.

హెల్లర్ విక్టరీ మూడో నాలుగో ఓడగా పెట్టుకోవలసిన పని. రెండు వేలకు పైగా భాగాలు, ఏళ్లు పట్టే తాళ్లు. 1:96 కటీ సార్క్, కాన్‌స్టిట్యూషన్ దానికి ముందు మెట్టు. వీటిలో డెక్ మూడు ముక్కలుగా వస్తుంది, అతుకు గీతలు కనిపించకుండా పూడ్చడం ఒక్కటే చికాకు.

కిట్ ఇంటికి రాగానే చేయాల్సిన పని, భాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేముల్లోంచి ఏదీ విరవకముందే హల్ రెండు సగాల్నీ చేతుల్లోకి తీసుకుని అంచులు కలిపి చూడటం. కొద్దిపాటి వంపు ఉంటే వేడినీళ్లలో ముంచి పట్టుకుని సరిచేయవచ్చు, మరుగుతున్న నీళ్లు మాత్రం పనికిరావు. ముందూ వెనకా కలిసి మధ్యలో వేలు పట్టేంత సందు ఉంటే వాపసు పంపడమే మేలు. తర్వాత భాగాల పట్టికతో ఫ్రేముల్ని సరిపోల్చాలి. పాత స్టాక్‌లోనూ, సెకండ్ హ్యాండ్ కిట్లలోనూ ముందు పోయేవి తాళ్లు పోనిచ్చే చిన్న కప్పీలు, మూడు కన్నాల గుండ్రటి బిళ్లలు. అవి పోయినా చెక్కతో చేసినవి విడిగా కొనుక్కోవచ్చు. డెక్ ముక్క గానీ, వెనక శిల్పాల భాగం గానీ లేకపోతే దానికి మారు దొరకదు. పంపేవాళ్లతో మాట్లాడటానికి ఫొటోలు అదే రోజు తీసిపెట్టుకోవాలి.